ఛాట్ కట్ట

శనివారం పొద్దున పదకొండింటికి, క్లాసులు అయిపోయి అందరూ చాయ్ గ్లాసులు పట్టుకుని కూర్చున్న సమయం చూసి మరీ, రాజలింగం స్టాఫ్ రూము బల్ల మీద రెండు జవాబు కాగితాలు పక్కపక్కన పరిచాడు. "జర ఈ రెండు చదువున్రి సార్," అన్నాడు.

ఆ మాట అన్నది ఎవరితో? శంకర్రావుతో! గ్రాంట్ రోడ్ స్టేషను దగ్గరి ఆ మార్నింగ్ కాలేజీలో ముప్పై ఏళ్లుగా అకౌంట్స్ చెబుతున్న మనిషితో. కామాఠిపురా గల్లీలోంచి వచ్చిన రాజలింగాన్ని బీకాంలో కూర్చోబెట్టి, ఎంకాం దాకా తోసి, ఇదే కాలేజీలో కామర్స్ లెక్చరర్‌గా పెట్టించింది కూడా ఆయనే. ఆయన ఎదుట గట్టిగా తుమ్మడానికి జంకాల్సిన మనవాడు, కాగితాలు పరిచాడు.

శంకర్రావు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చదివాడు. "చదివిన. ఐతే?"

"రెండిట్ల ఒకటే జవాబు. తప్పులు గూడ ఒక్క తావులనే ఉన్నయి. ఒకడు రాసిండు, ఇంకొకడు చూసి రాసిండు. చూసి రాసినోనికి మీరు పదిహేడు వేసిన్రు, చూపించినోనికి తొమ్మిది."

"చూపించినందుకు శిక్ష అనుకో పో."

పక్కన ఎవరో చాయ్ మింగబోయి దగ్గారు. ఇద్దరూ తెలుగులో మాట్లాడుకుంటున్నా, పదిహేడూ తొమ్మిదీ కాగితాల మీద ఎర్ర సిరాతో గుండ్రంగా కనబడుతూనే ఉన్నాయి. గదిలో మరాఠీవాళ్లకూ గుజరాతీవాళ్లకూ అర్థం కావడానికి అంతకంటే భాష అక్కర్లేదు.

"మీ కొలత ఏంది సార్?"

"కొలతనా? ఇక్కడుంటది," అని శంకర్రావు తన బట్టతలను వేలితో తట్టాడు. "ముప్పై ఏండ్ల తజర్బా. కాగితం ముట్టుకుంటనే తెలుస్తది, అండ్ల ఎంత సరుకుందో."

"తజర్బా అని తక్కెడ లేకుంట తూకం వేస్తె ఎట్ల సార్? నేనైతే గిట్ల ఎయ్య. నా కలం ఎన్నడు వంకర పోదు." అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అప్పటికే ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెద్దమనిషి, తగువంటే భయం. ఆ సంవత్సరమే కామర్స్, అకౌంట్స్ రెండూ కలిపి ఇద్దరు లెక్చరర్లూ ఒకే పేపరుగా బోధించాలని ఆయన మొదలుపెట్టాడు. ఆ ఇద్దరూ వీళ్లే. ఏ జవాబుకు ఏ అంశం ఉంటే ఎన్ని మార్కులో రాసిన రెండు పేజీల పట్టీ ఒకటి రాజలింగం తయారుచేసి, నెల నుంచి ఆయన వెంట పడుతున్నాడు. ప్రిన్సిపాల్ అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. కలిపిన పేపరు నూట ఇరవై కాగితాలూ రాజలింగమే తన పట్టీ ప్రకారం దిద్దాలి. కాగితం మీద సిరా చుక్క పడకూడదు, మార్కులు విడిగా చీటీల మీద వేసుకోవాలి. వచ్చే శనివారం తాను ఓ పది కాగితాలు లాగి శంకర్రావు చేత దిద్దిస్తాడు. ఇద్దరి మార్కులూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ పట్టీ కాలేజీ అంతా వాడాలి. లేకపోతే చెత్తబుట్టలోకి.

"బిడ్డా, కాగితాలు దిద్దుడు గోడకు సున్నం ఏసినట్టు గాదు," అన్నాడు శంకర్రావు లేస్తూ. "దిద్దు. చూస్త."

సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు రాజలింగం కామాఠిపురా చాల్‌లో, వరసగదుల్లో ఒకటైన తన ఖోలీలో ట్రంకు పెట్టెను బల్ల చేసుకుని కూర్చున్నాడు. నూట ఇరవై కాగితాలను ముప్పై చొప్పున నాలుగు కట్టలు కట్టాడు, రోజుకొకటి. పేర్లు లేవు, నంబర్లే. అవైనా వరసగా లేకుండా పేకముక్కల్లా కలిపేశాడు. నిన్నటి మార్కులు ఇవాళ్టి కలాన్ని లాగకూడదని ఏ రోజు చీటీ ఆ రోజే మడిచి కవర్లో వేయాలని నియమం కూడా పెట్టుకున్నాడు. యాభైకి ఇరవై రానివాళ్లను పెద్ద పరీక్షకు కూర్చోనివ్వరు కాబట్టి, వాళ్ల కాగితాలు వేరే కట్టాలి. అది ఆఫీసు నియమం. దానికోసం ఎర్రదారం తెచ్చుకున్నాడు.

గుమ్మం బయట గ్యాలరీలో వాళ్లమ్మ లక్ష్మవ్వ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె పక్కన ఇంకో చేటతో రత్న. పక్క ఖోలీ దుర్గయ్య మేస్త్రీ కూతురు. పొద్దున కాలేజీలో రత్నాబాయి, నంబరు ఏదో ఒకటి, రెండో బెంచీ. మధ్యాహ్నం ఇక్కడ రత్న, ఆరు వందల బీడీలు. కాలేజీలో ఆమెకు రాజలింగం 'సార్', చాల్ మెట్లెక్కగానే 'రాజన్న'.

"రాజన్నా, మా క్లాసు కాగితాలేనా అవి?"

"ఇక్కడ రాజన్న లేడు. పని మీదున్న."

"అయితే సార్, ఎట్ల రాసిన్రు సార్ మావాండ్లు?"

"నంబర్లే ఉంటయి. ఎవరిది ఏదో నాకు తెల్వదు, తెలుసుకోను గూడ."

రత్న ఆకును నీళ్లలోంచి తీసి విదిలించింది. "నాకు ఇరవై వస్తె బస్ రాజన్నా, ఇంకేం నకో. తప్పితే కాలేజీ బంద్ అన్నడు మా బాపు. పొద్దటి పూట గూడ చేట పట్టుకొని కూసొమ్మన్నడు." నవ్వుతూనే అంది కానీ ఆ తరువాతి బీడీ వదులుగా వచ్చింది. లక్ష్మవ్వ దాన్ని లాక్కుని విప్పి మళ్లీ చుట్టింది.

"అన్నం తిని కూసో బిడ్డా," అంది లక్ష్మవ్వ కొడుకుతో.

"కట్ట తెగినంక తింట."

"పొద్దున ఆరింటికి పోయినవు. అప్పటిసంది ఏం తిన్నవ్?"

"అవ్వా, పని మధ్యల కూడు పెడితే చెయ్యి మారుతది. నేను ఒక్క తీరుగ దిద్దాలె."

దిద్దాడు. పట్టీ ఎడమ పక్క, చీటీ కుడి పక్క. అంశం ఉందా? రెండు. సగం ఉందా? ఒకటి. మూడో ప్రశ్న అతను సొంతంగా వేసుకున్న ముద్దుబిడ్డ. తయారైన సరుకులో నూటికి పది పనికిరాకుండా పోతే, ఆ నష్టాన్ని ఏం చేయాలి? ఎందుకు పోతోందో విచారించాలి, తనిఖీ పద్ధతి చూడాలి, పనివాళ్లను అడగాలి అని క్లాసులో గొంతు చించుకుని చెప్పాడు. తీరా చూస్తే వరసగా కాగితం తరువాత కాగితంలో 'ఆ పదింటి ఖర్చు మిగతా తొంభై మీద వేయవలెను' అని రాసి ఉంది. రెండింటికి కడుపులో పేగులు మూలిగాయి. రెండున్నరకు కింద మిరపకాయ బజ్జీల వాసన మెట్లెక్కి వచ్చింది. "ఖర్చు వేయవలెనట! ఎవని నెత్తి మీద? గాడిదలు!" అని గొణుక్కున్నాడు. సున్నా, ఒకటి, సున్నా. మూడున్నరకు కట్ట తెగేసరికి ముప్పైలో పన్నెండు ఎర్రదారంలోకి వెళ్లాయి.

లక్ష్మవ్వ బీడీలు చుడుతూనే గుమ్మంలోంచి కొడుకు మొహాన్ని అంతసేపూ చూసింది. ఆమెకు చదువు రాదు. కానీ ముప్పై అయిదేళ్లుగా సాయంత్రం సాయంత్రం కార్ఖానాలో చెకర్ ముందు గంప దించి నిలబడిన మనిషి. చెకర్ కట్ట ఎత్తి, నొక్కి, వాసన చూసి, ఒక్కోటి పక్కకు విసురుతుంటే అతని మొహమే చూస్తుంది తప్ప బీడీలను చూడదు. అలాంటి మొహాన్ని ఆమె తన ఖోలీలో చూడటం ఇదే మొదలు.

మంగళవారం రాజలింగం అన్నం తినే కూర్చున్నాడు. తినకపోతే కాగితాల మీద నీళ్ల బిందె పెడతానని తల్లి బెదిరించింది. జొన్నరొట్టె, గోంగూర తొక్కు. దిద్దడం హాయిగానే సాగింది గానీ కట్ట మాత్రం తెగనంది. "ముప్పై కాగితాలకు గింతసేపా?" అనుకున్నాడు. బుధవారం మరీను. ఎంత దిద్దినా అడుగున ఇంకోటి కనిపించింది. వేలు తడి చేసుకుంటూ, చీటీ నింపుకుంటూ, మొత్తానికి గురువారం సాయంత్రానికి నాలుగు చీటీలూ కవర్లో పడ్డాయి. ఆ రాత్రి కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం చీటీలు విప్పి, పెద్ద పట్టికలోకి నంబరు ప్రకారం ఎక్కించడం మొదలుపెట్టాడు. సగం ఎక్కించాక నలభై ఏడో నంబరు దగ్గర కలం ఆగింది. అక్కడ అప్పటికే పద్నాలుగు ఉంది. బుధవారం చీటీలో నలభై ఏడుకు ఇరవై ఆరు ఉంది.

నంబరు తప్పు రాశానేమో అనుకున్నాడు. కాసేపటికి ఎనభై రెండు దగ్గర అదే. పదకొండూ, ఇరవయ్యీ. లెక్కపెట్టాడు. కాగితాలు నూట ఇరవై, మార్కులు నూట ఇరవై ఐదు. ఇంకోసారి లెక్కపెట్టాడు. నూట ఇరవై ఐదే.

అయిదు జతలు ఓ పక్కన రాసుకున్నాడు. పద్నాలుగు, ఇరవై ఆరు. పదిహేడు, ఇరవై రెండు. పదకొండు, ఇరవై. పద్దెనిమిది, ఇరవై నాలుగు. ఆఖరిది తొమ్మిది, తొమ్మిది. ఎవడోగానీ పుణ్యాత్ముడు, తిన్న రోజైనా తినని రోజైనా రాజలింగం పరువు నిలబెట్టినవాడు వాడొక్కడే.

"అవ్వా!"

"ఒర్రకు. ఇక్కడనే ఉన్న."

"నా కాగితాలు ఎవరు ముట్టిన్రు?"

"నేనే," అంది లక్ష్మవ్వ. దాచాల్సిన సంగతని ఆమెకు తోచనే లేదు. "సోమవారం నాటి ఎర్రదారం కట్టల్నుంచి రెండు తీసి మంగళవారం కట్టల పెట్టిన. బుధవారం మూడు. ఎక్కువ పెడితే దొరుకుతం గదా."

గ్యాలరీలో ఉన్న రత్న బీడీ చుట్టడం ఆపి నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుంది. కామాఠిపురాలో బీడీలు చుట్టే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది ఆ విద్య. చెకర్ తీసి పడేసినవాటిని ఛాట్ అంటారు. ఛాట్ అయిన బీడీలను పారేయరు. విప్పనైనా విప్పరు. మర్నాడు కొత్త కట్టల నడుమ నాలుగైదు కలిపి అదే గంపలో అదే చెకర్ ముందు పెడతారు. పాసైపోతాయి. నూటికి ఎనభై పాళ్లు పాసైపోతాయి.

"అవి బీడీలు గాదే అవ్వా, పరీక్ష కాగితాలు!"

"నాకేం ఎర్క? నువ్వు సోమవారం చెకర్ లెక్కనే కూసున్నవు. తినకముందు చెకర్ దగ్గరికి మేము పోనే పోము. ఆకలి మీద మంచి సరుకు గూడ కండ్లకు ఆనదు. మొహం గంటు పెట్టుకొని టపటప తీసి పారేస్తున్నవు. అయ్యో ఏ తల్లి కన్న పిల్లలో అనుకున్న. రెండోసారి చూస్తే తప్పేంది? మంచియి అయితే పాసైతయి, చెడ్డయి అయితే మల్ల నువ్వే తీస్తవు. నీ కలం సక్కగున్నదని వాడ వాడంత చెప్పుకుంటివి గదా!"

అదే అతనికి మింగుడుపడనిది. ఎవరైనా లంచం ఇచ్చి కలిపించి ఉంటే తిట్టేవాడు. ఈమె కొడుకు కలం మీద నమ్మకంతో కలిపింది. రిజిస్టరు తీసి నలభై ఏడో నంబరు ఎవరిదో వెతికాడు. రత్నాబాయి దుర్గయ్య.

గుమ్మంలోంచి బయటికి చూశాడు. రత్న అతని మొహం చూసింది. ఆమె నవ్వు పోయింది. "నాదా రాజన్నా?" అంది మెల్లగా.

"పని చేసుకో," అన్నాడు.

కూర్చుని ఆలోచించాడు. రెండో మార్కులు కొట్టేస్తే పని సుళువు. నూట ఇరవైకి నూట ఇరవై, పట్టిక శుభ్రం, ఎవరికీ తెలియదు. కానీ రత్న పద్నాలుగుతో చేట ముందు కూర్చుంటుంది. ఆ పిల్ల రోజూ కళ్లెదుట కూర్చుని ఆరు వందలకు బదులు వెయ్యి చుడుతుంటే, ఆ ఇరవై ఆరు వేసిన చెయ్యి ముద్ద ఎలా కలుపుకుంటుంది? పోనీ మొదటివే కొట్టేసి రెండోవి ఉంచితే? పక్క ఖోలీ పిల్లను పాస్ చేశాడని రేపు శంకర్రావు అంటాడు. ఎవరూ అనకపోయినా తనకు తెలుసు కదా, తాను పద్నాలుగు కూడా వేశానని. ఇంతకీ ఆ కాగితంలో సరుకు ఎంత? మూడోసారి చదివి చూద్దామని తీశాడు. చదవలేకపోయాడు. పద్నాలుగు అనుకుంటే పద్నాలుగులా ఉంది, ఇరవై ఆరు అనుకుంటే ఇరవై ఆరులా ఉంది. ఏడుపొచ్చింది. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పూట అతను తినలేదు. లక్ష్మవ్వ కూడా తినలేదు, కానీ బీడీలు మాత్రం లెక్కకు తక్కువ కాకుండా చుట్టింది.

శనివారం ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురే. ప్రిన్సిపాల్ పది కాగితాలు లాగడానికి కట్ట మీద చెయ్యి వేయబోయాడు. "ఆగండి సార్," అన్నాడు రాజలింగం. లేచి నిలబడి అయిదు జతలూ చదివాడు. తొమ్మిది, తొమ్మిది కాస్త గట్టిగా చదివాడు. నలభై ఏడో నంబరు తన పక్క ఖోలీ అమ్మాయిదని కూడా చెప్పాడు. "రెండూ నేనే వేశాను. అదే పట్టీ, అదే కలం. మొదటిసారి ఖాళీ కడుపుతో దిద్దాను."

ప్రిన్సిపాల్ శంకర్రావు వైపు చూశాడు. శంకర్రావు తన విద్యార్థి వైపు చూశాడు. గురివింద గింజ సామెత ఆయన నాలుక చివర దాకా వచ్చిందని రాజలింగానికి కనబడుతూనే ఉంది.

"కాగితాలు కలిపింది ఎవరు?"

"మా అవ్వ."

"ఏం చేస్తదామె?"

"బీడీలు చుడుతది సార్."

శంకర్రావు కళ్లద్దాలు తీశాడు. బట్టతల దాకా ఎర్రబడింది. కోపమనుకున్నాడు రాజలింగం. కాదు, నవ్వు. వర్లి చాల్‌లో పుట్టిన మనిషి, ఆయన తల్లి మాత్రం బీడీలు కాక ఇంకేం చుట్టింది కనుక! బల్ల పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఛాట్ కలిపిందా! నీ కాగితాలల్ల! ఓరి దేవుడా, చెకర్ కొడుకుని కన్నది రా మీ అవ్వ!" ప్రిన్సిపాల్‌కు సంగతంతా హిందీలో విడమర్చి చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఆయన కూడా నవ్వాడు గానీ, నవ్వు అయిపోయాక అసలు ప్రశ్న అడిగాడు. ఇప్పుడు ఆ అమ్మాయికి వేయాల్సిన మార్కు ఎంత?

"తెలియదు సార్," అన్నాడు రాజలింగం.

శంకర్రావు నలభై ఏడో నంబరు కాగితం లాక్కుని చదివాడు. మూడో ప్రశ్న దగ్గర వేలు పెట్టాడు. "దీనికెంత వేసినవ్?"

"మొదట సున్నా. రెండోసారి అయిదు."

"సున్నా ఎందుకు?"

"ఎందుకు పోతున్నదో అడగాలె గదా సార్. ఆ పిల్ల ఖర్చు మిగతా వాటి మీద ఎయ్యాలన్నది."

"ఎయ్యాలెనే! నూటికి పది మామూలుగ పోయేదైతే ఆ ఖర్చు మంచివాటి మీదనే పడతది. నేనే చెప్పిన క్లాసుల, బోర్డు నిండ రాసి!"

"మీరు చెప్పిన్రా? నేను వేరే చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

రాజలింగం చెప్పాడు. శంకర్రావు విన్నాడు. ఒకే ప్రశ్నకు ఒకరు సోమ, బుధవారాల్లో ఒకటి చెప్పారు, ఇంకొకరు మంగళ, గురువారాల్లో మరొకటి చెప్పారు. రెండూ తప్పు కాదు. రెండూ కలిపి రాస్తే గానీ జవాబు పూర్తి కాదు. ఆ సంగతి పిల్లలకు చెప్పినవాడు లేడు. ప్రిన్సిపాల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ ఏడాదిగా కలిసి బోధిస్తున్నారు కదా?" అన్నాడు. ఇద్దరూ గోడకున్న టైంటేబుల్ వైపు చూశారు. కలిసి బోధించడమంటే వాళ్లు వారాలు పంచుకున్నారు. ఒకరి క్లాసులో ఇంకొకరు ఒక్కరోజైనా కూర్చున్నది లేదు.

పది కాగితాల పరీక్ష పక్కన పెట్టి, ఆ అయిదింటినీ ఇద్దరూ కలిసి దిద్దారు. రెండున్నర గంటలు పట్టింది. పోట్లాడారు, ఒకరి నోటి మీద ఇంకొకరు మాట్లాడారు, పట్టీలో నాలుగు చోట్ల కొట్టివేసి తిరగరాశారు. నలభై ఏడుకు ఇరవై మూడు పడింది. తొమ్మిదివాడికి ఎంత వెతికినా తొమ్మిదే వచ్చింది. ప్రిన్సిపాల్ పట్టీని ఖాయం చేస్తూ రెండు నియమాలు చేర్చాడు. ఇక మీదట ఒకరి క్లాసులో ఇంకొకరు కూర్చోవాలి. ఎవరు దిద్దే కట్టలోనైనా సరే, ఒకసారి దిద్దిన కాగితాలు అయిదు వాళ్లకు తెలియకుండా కలపాలి.

సాయంత్రం ఈ సంగతి చెబితే లక్ష్మవ్వ సంతోషిస్తుందనుకున్నాడు రాజలింగం. ఆమె చేట కింద పెట్టి నెత్తి కొట్టుకుంది. "అందరి ముంగట చెప్పినవా? ఛాట్ కలిపే సంగతి? నీ నోట్ల మన్ను బడ! కాలేజోళ్లకు తెలిస్తే కార్ఖానాకు తెల్వదా? ఇన్నేండ్లు ఒక్క ఆడమనిషి నోరిప్పలె గదరా, చదువుకున్నోనివి నువ్వు ఇప్పినవు!" ఆ చెకర్ కాలేజీ గడప ఎన్నడూ తొక్కడని అతను ఒట్టు పెట్టి చెప్పినా ఆమె నమ్మలేదు. రెండు రోజులు గంపలో ఛాట్ కలపకుండా పోతానంది.

రత్నకు మాత్రం మొదట పద్నాలుగు పడిందనీ ఇప్పుడు ఇరవై మూడనీ చెప్పగానే లేచి నిలబడింది. ఒళ్లోని చేట బోర్లాపడి తంబాకు అంతా గ్యాలరీలో చిందింది. లోపలికి పరిగెత్తి వాళ్ల నాయనకు చెప్పి, మళ్లీ వచ్చి, నేల మీద తంబాకు ఎత్తుకోసాగింది. రాజలింగం కృతజ్ఞత కోసం ఎదురుచూడలేదని చెప్పలేం. గోడకానుకుని నిలబడే ఉన్నాడు.

"రాజన్నా, ఒకటి అడగాల్నా?"

"అడుగు."

"మొత్తం ఎంతమంది తప్పిన్రు? మొదటిసారి."

"ఇరవై ఎనిమిది."

"సోమవారం ఎంతమంది?"

"పన్నెండు." చెప్పాక గానీ అతనికి ఆ అంకె బరువు తెలియలేదు. మిగతా రోజులు అయిదు, అయిదు, ఆరు.

"పెద్దమ్మ కలిపింది అయిదే గదా. నాది తన చేతికి దొరికింది. దొరకకుంటే నేను పద్నాలుగే." రత్న గుప్పెట్లో తంబాకు చేటలో పోసింది. "మరి మిగిలిన ఇరవై ముగ్గురివి ఎవరు కలుపుతరు?"

అతనికి ఒళ్లు మండింది. పాసైన పిల్ల, నోరు మూసుకుని మిఠాయి పంచుకోవచ్చు కదా! ఆఫీసుకు పట్టిక ఇచ్చేశాడు, సంతకం అయిపోయింది, ఖాయమైన దాన్ని మళ్లీ తిప్పితే పరువు ఏం గాను? ఆ మాటే అన్నాడు కూడా. రత్న వాదించలేదు. "అవును సార్," అంది. చాల్ మెట్లెక్కిన తరువాత ఆమె అతన్ని సార్ అని వేళాకోళం లేకుండా అనడం అదే మొదటిసారి. రాజలింగం లోపలికి వెళ్లి, సోమవారం ఆఫీసులో అప్పగించాల్సిన ఎర్రదారం కట్ట ముందు కూర్చున్నాడు. దాన్ని విప్పలేదు, దాని వైపు చూడకుండానూ ఉండలేకపోయాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ కట్టను గుడ్డసంచిలో పెట్టుకుని వర్లి బస్సెక్కాడు. శంకర్రావు బనీనూ లుంగీతో చాల్ గ్యాలరీలో స్టూలు మీద కూర్చుని తలకు నూనె రాసుకుంటున్నాడు. తలలో రాసుకోవడానికి వెంట్రుకలు పెద్దగా లేవు గానీ ఆదివారం కదా. శిష్యుణ్ణి చూసి, "ఏందిరా, మల్ల ఏం కలిపింది మీ అవ్వ?" అన్నాడు.

రాజలింగం సంచి విప్పి కట్ట చూపించాడు. "ఇవి మిగిలినయి సార్. ఇరవై మూడు. సోమవారం నేను తినకుంట దిద్దినయి ఇండ్లనే ఉన్నయి. మిగతాయి గూడ చూడాలె. నేనొక్కణ్ణే దిద్దితే మల్ల అదే మోపైతది. మీరు గూడ కూసుంటే..."

"ఆఫీసుల ఇచ్చినంక మారిస్తే మాట పడతవు."

"పడత సార్."

శంకర్రావు నూనె చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కట్టకేసి చెయ్యి చాపలేదు. గ్యాలరీ చివర నల్లా దగ్గర ఆడవాళ్లు మరాఠీలో బిందెల వంతు గురించి కొట్లాడుకుంటున్నారు. రాజలింగం ఆయన కాదంటాడనుకున్నాడు. కాదంటే ఏం చేయాలో కూడా బస్సులో ఆలోచించుకోలేదు.

"నీయి ఇరవై మూడే," అన్నాడు చివరికి శంకర్రావు. గొంతులో నిన్నటి నవ్వు లేదు. "నాయి ముప్పై ఏండ్లవి. తిని దిద్దిననో, తినక దిద్దిననో, ఎవని మీదనో కోపం ఇండ్ల తీసిననో. తప్పినోళ్లు వచ్చి అడగలె, గింతనే ఎందుకు వేసిన్రు సార్ అని. తలకాయ దించుకొని పోయిన్రు. ఒకడు మా గల్లీలనే గోడలు కడుతుండు, కనవడితే ఇప్పటికి నమస్తే పెడతడు. వాండ్ల కాగితాలు ఏ కట్టల కలపాలెరా రాజలింగం?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. లోపలికి వెళ్లి చాప తెచ్చి గ్యాలరీలో పరిచి, ఓ చివర తాను కూర్చుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"కూసో," అన్నాడు. "మొదటిది తియ్."